ఉబ్బసం: గొట్టం సన్నబడితే ఏమవుతుంది?

పిల్లలూ! మృగశిర కార్తె ప్రవేశించిన రోజున తెలంగాణలో చేపల కూర వండని ఇల్లు అరుదు. జూన్ 7, 8 తేదీలలో వచ్చే ఆ రోజున మా నకిరేకల్ అంగడిలో కొర్రమీను ధర అడగాలంటేనే భయం వేస్తుంది. అదే రోజున హైదరాబాదులో, నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో మరో రకం చేపల పంపకం జరుగుతుంది. బత్తిని గౌడ్ కుటుంబం వారు వేలెడు పొడవున్న బతికిన కొర్రమీను పిల్ల నోట్లో పసుపుపచ్చని మందు ముద్ద పెట్టి, ఆ చేపను ఉబ్బసం రోగి గొంతులోకి జారవిడుస్తారు. శాకాహారులకు బెల్లంలో పెట్టి ఇస్తారు. 1845లో ఒక సాధువు తమ పూర్వీకునికి ఈ రహస్యం చెప్పాడని వారి కథనం. డబ్బు పుచ్చుకోరు. మందులో ఏమున్నదో చెప్పరు. వరుసగా మూడేళ్ళు మింగాలనీ, ప్రతిసారీ 45 రోజులు పథ్యం ఉండాలనీ అంటారు. కరోనా వల్ల 2020 నుంచి మూడేళ్ళు ఆగిన ఈ పంపకం 2023లో మళ్ళీ మొదలైంది. వేలాది మంది, కొన్ని సంవత్సరాలలో లక్షల మంది, రాత్రంతా వరుసలో నిలబడతారు. మా ఊరు విజయవాడ రోడ్డు మీద ఉన్నది కనుక, ఆ ముందు రోజు సాయంత్రం హైదరాబాదు బస్సుల్లో ఆయాసపడే ముసలివాళ్ళూ, చంకలో పిల్లలతో తల్లులూ కనబడతారు.

జూన్ రెండవ వారంలో బడి తెరవగానే ఎవరో ఒకరు నన్ను అడుగుతారు: “సార్, ఆ చేప మింగితే దమ్ము నిజంగా పోతదా?” అవుననో కాదనో ఒక్క ముక్కలో చెప్పి ఊరుకోవడం సైన్సు సారుకు తగదు. ముందు ఆ దమ్ము ఎక్కడ పుడుతున్నదో చూద్దాం.

మీ మెడ ముందు భాగాన్ని వేళ్ళతో తడమండి. ఉంగరాలు పేర్చినట్లు గట్టిగా తగులుతున్నదే, అది శ్వాసనాళం. దాని వెనుక, చేతికి అందకుండా, మెత్తని ఆహారవాహిక ఉంటుంది. మనం ఏది మింగినా ఉపజిహ్విక అనే చిన్న మూత శ్వాసనాళాన్ని కప్పివేస్తుంది. మింగినది వెనుక గొట్టం గుండా జీర్ణాశయానికి పోతుంది. పొరపాటున ఒక్క మెతుకు ముందు గొట్టంలోకి పోతే పొలమారి కళ్ళు తేలవేస్తాం. “చేప గిలగిల కొట్టుకుంటూ పోయి ఊపిరి దారిలోని తెమడను శుభ్రం చేస్తుంది” అని కొందరు చెబుతుంటారు. ఇప్పుడు మీరే ఆలోచించండి. చేప పోయేది ఏ గొట్టంలోకి? తెమడ ఉన్నది ఏ గొట్టంలో? అయితే తొందరపడకండి. దీనితో మందు పనిచేయదని రుజువైపోలేదు. మనం మింగే బిళ్ళ కూడా జీర్ణాశయానికే పోయి, రక్తంలో కలిసి, ఊపిరితిత్తులకు చేరుతుంది కదా! చేప ఊడ్చి శుభ్రం చేస్తుందన్న మాట మాత్రం శరీర నిర్మాణానికి పొసగదు.

శ్వాసనాళం ఛాతీలో రెండుగా చీలుతుంది. ఆ రెండూ మళ్ళీ చీలుతాయి. ఇలా సుమారు 23 సార్లు చీలి, చివరకు వాయుగోణులు అనే సన్నని బుడగలలో ముగుస్తుంది. ఆ బుడగలు 30 కోట్లకు తక్కువ ఉండవు. వేపచెట్టును తలకిందులుగా ఊహించుకోండి. కాండం శ్వాసనాళం, కొమ్మలూ రెమ్మలూ శ్వాసనాళికలు. పెద్ద కొమ్మలకు మృదులాస్థి ఉంగరాల ఆధారం ఉంటుంది కనుక అవి అణగవు. సన్నని రెమ్మలకు ఆ ఆధారం లేదు. వాటి చుట్టూ కండరపు పట్టీ మాత్రమే ఉంటుంది. ఉబ్బసం ఆటాడేది ముఖ్యంగా ఈ సన్నని దారులలోనే.

అక్కడ మూడు పనులు జరుగుతాయి. చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది. లోపలి పొర వాచి మందమవుతుంది. ఆ పొర నుంచి జిగట తెమడ ఊరుతుంది. మూడింటి ఫలితం ఒకటే, దారి సన్నబడడం. బిగువు నిమిషాలలో వస్తుంది, మందు పడితే నిమిషాలలో పోతుంది. వాపు అలా కాదు. రోజులూ వారాలూ ఉంటుంది, దమ్ము లేని రోజున కూడా ఉంటుంది. ఈ తేడాను గట్టిగా గుర్తుంచుకోండి. ఉబ్బసం రోగులు మోసపోయేది ఇక్కడే.

దారి కొంచెం సన్నబడితే అంత ఆయాసం ఎందుకు? 1840ల కాలంలో పాయిజెల్ అనే ఫ్రెంచి వైద్యుడు సన్నని గాజు గొట్టాలలో నీటిని పారించి ఒక సూత్రం కనిపెట్టాడు. ఒకే ఒత్తిడి మీద గొట్టంలో పారే ద్రవం దాని వ్యాసార్థపు నాలుగవ ఘాతాన్ని బట్టి ఉంటుంది. వ్యాసార్థం సగమైతే ప్రవాహం సగం కాదు, పదహారవ వంతు! అయిదవ వంతు మాత్రమే తగ్గిందనుకోండి. 0.8ని నాలుగుసార్లు గుణించి చూడండి, 0.41 వస్తుంది. అంటే సగం కంటే తక్కువ. ఊపిరితిత్తులలో గాలి సుడులు తిరుగుతూ పోతుంది కనుక ఈ లెక్క అక్కడ అచ్చంగా సరిపోదు గాని, సంగతి అర్థమవుతుంది.

కావాలంటే చిన్న ప్రయోగం చేయండి. ఆయాసం జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం చేయవద్దు, చూస్తే చాలు. కూల్‌డ్రింకు తాగే గొట్టాన్ని పెదవుల మధ్య బిగించి, ముక్కు మూసుకొని, దాని గుండానే అర నిమిషం ఊపిరి తీసి వదలండి. తరువాత నిలుచున్న చోటనే పది గంతులు వేసి, మళ్ళీ ప్రయత్నించండి. ఇబ్బంది అనిపిస్తే వెంటనే తీసివేయండి. నా తరగతిలో ఈ ప్రయోగం చేసిన రోజున, ఎప్పుడూ తోటివాణ్ణి “పిల్లికూతలోడు” అని ఏడిపించే ఒక అబ్బాయి తల వంచుకొని కూర్చున్నాడు. నేనేమీ అనలేదు.

ఇంకో వింత ఉన్నది. ఉబ్బసం వచ్చినవాడు “గాలి అందడం లేదు” అంటాడు. నిజానికి అతని అసలు కష్టం గాలి బయటికి పోకపోవడం! ఊపిరి పీల్చేటప్పుడు ఛాతీ విప్పారి, సన్నని దారులను కూడా లాగి తెరుస్తుంది. వదిలేటప్పుడు అవి మళ్ళీ ముడుచుకుంటాయి. ఇరుకు దారిలో గాలి ఈల వేసినట్లు మోగుతుంది. అదే పిల్లికూత. పాత గాలి లోపలే మిగిలిపోతే కొత్త గాలికి చోటేది? అందుకే రోగి ముందుకు వంగి, చేతులు మోకాళ్ళ మీద ఆనించి, భుజాలు ఎగరేస్తాడు.

దారులు ఇలా అలగడానికి పుట్టుకతో వచ్చిన స్వభావం కొంత, చుట్టూ ఉన్న గాలి కొంత కారణం. అమ్మకో నాన్నకో ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ. అంటువ్యాధి మాత్రం కాదు. పక్కన కూర్చుంటే రాదు, ఒకే కంచంలో తిన్నా రాదు. మన వైపు వరికోతల కాలంలో కల్లాల దగ్గరా, వడ్ల కొనుగోలు కేంద్రాల దగ్గరా తాలూ దుమ్మూ లేస్తుంది. కోత మిషను పోయాక కొయ్యకాళ్ళకు నిప్పు పెడతారు. ఆ పొగ ఊరి మీదికే వస్తుంది. పత్తి దుమ్ము, కట్టెల పొయ్యి పొగ, బీడీ పొగ, దోమల చుట్ట పొగ, దీపావళి టపాకాయలు, రోడ్ల పక్కన తెల్లగా పూసే వయ్యారిభామ పుప్పొడి, పుష్యమాసపు చలిగాలి, జలుబు – ఎవరికి ఏది పడదో వారే కనిపెట్టాలి. బొంతలలో, దిండ్లలో కంటికి కనిపించని దుమ్ముపురుగులు ఉంటాయి. పొడవు మిల్లీమీటరులో మూడవ వంతు కూడా ఉండదు. మన ఒంటి నుంచి రాలిన చర్మపు పొట్టు తిని బతుకుతాయి. వాటి రెట్ట చాలామందికి పడదు. వేడినీళ్ళలో ఉతికి, నకిరేకల్ ఎండలో ఒక పూట ఆరవేస్తే బొంతకు అంతకంటే మంచి వైద్యం లేదు. ఈ ఒక్క విషయంలో మన ఎండలను మెచ్చుకోవాలి!

ఇప్పుడు చేప మందు దగ్గరికి వద్దాం. దాన్ని మింగినవారిలో కొందరు “నాకు తగ్గింది” అంటారు. వారు అబద్ధమాడుతున్నారని నేను అనను. ఉబ్బసం ఎప్పుడూ ఒకే తీరున ఉండదు. హెచ్చుతుంది, తగ్గుతుంది. చలికాలంలో ఎక్కువై, వాన చినుకు పడి దుమ్ము అణగగానే కొందరికి తేలికపడుతుంది. మృగశిర వచ్చేది సరిగ్గా ఆ సమయానికే. చిన్నతనంలో ఉబ్బసం ఉన్నవారిలో చాలామందికి మీ వయసు వచ్చేసరికి దానంతట అదే తగ్గుముఖం పడుతుంది. మూడేళ్ళు వరుసగా చేప మింగిన పిల్లవాడు మూడేళ్ళు పెద్దవాడయ్యాడు కదా! 45 రోజుల పథ్యంలో పొగ మానినవాడికి ఆ మేలు వేరే ఉంటుంది. వీటన్నిటి నుంచి మందు గుణాన్ని విడదీయడం ఎలా? ఒకే వయసు, ఒకే తీరు రోగులను రెండు జట్లుగా చీట్లు వేసి విడదీయాలి. ఒక జట్టుకు మందున్న ముద్ద, రెండవ జట్టుకు అదే రంగు, అదే వాసన గల ఉత్త ముద్ద ఇవ్వాలి. ఎవరికి ఏది ఇచ్చారో ఇచ్చేవారికీ, పుచ్చుకునేవారికీ తెలియకూడదు. ఏడాది తరువాత ఊపిరి బలాన్ని కొలిచి పోల్చాలి. జన విజ్ఞాన వేదిక వంటి సంస్థలు ఎన్నో ఏళ్ళుగా శాస్త్రీయ పరీక్ష కావాలని అడుగుతూనే ఉన్నాయి. రహస్యం విప్పనంతకాలం ఆ మందును “తెలిసిన మందు” అనడానికి సైన్సుకు వీలులేదు. ఆ తల్లుల ఆశను ఎగతాళి చేయడం నాకు ఇష్టం లేదు. కాని చేప మింగించామనే ధైర్యంతో డాక్టరు ఇచ్చిన మందు మానిపించడం ప్రమాదం. నా గట్టి మాట అంతవరకే.

పాతవన్నీ పనికిరావని అనుకోకండి. మన చేల గట్ల మీది అడ్డసరం ఆకులోని పదార్థం ఆధారంగానే తెమడను పలుచన చేసే బ్రోమ్‌హెక్సిన్ తయారైంది. ఉమ్మెత్త ఆకు పొగ పీల్చే వాడుక 1802 ప్రాంతంలో మద్రాసు నుంచి ఇంగ్లండు వైద్యులకు తెలిసింది. ఉమ్మెత్తలోని అట్రోపిన్‌ను మార్చి చేసినదే నేటి ఇప్రట్రోపియం. ఉమ్మెత్త విషం సుమా, దాని జోలికి పోకండి! ఇవి మందులుగా నిలబడ్డది పాతవి కావడం వల్ల కాదు. వాటిలో ఏమున్నదో విడదీసి, కొలిచి, పరీక్షించడం వల్ల.

మందు జబ్బున్న చోటికే నేరుగా చేరితే ఎంత బాగుండును! ఈ కోరిక ఒక పిల్ల నోట వచ్చింది. 1955లో అమెరికాలో రైకర్ అనే మందుల కంపెనీ అధిపతి జార్జి మేసన్‌ను, ఉబ్బసంతో బాధపడే ఆయన 13 ఏళ్ళ కూతురు అడిగింది: జుట్టుకు కొట్టుకునే స్ప్రే డబ్బాలాగా నా మందు ఎందుకు ఉండకూడదు? మరుసటి ఏడాది, 1956లో, కొలిచిన మోతాదు చిమ్మే మొదటి ఇన్‌హేలర్ అంగడికి వచ్చింది. మీ వయసు పిల్ల వేసిన ప్రశ్న అది! 1969లో సాల్బుటమాల్, 1972లో బెక్లోమెథసోన్ ఇన్‌హేలర్లు వచ్చాయి.

“ఆ పంపు అలవాటైతే ఇడువదంట గద సార్, బిళ్ళలే మేలంట” అని ఒక విద్యార్థిని తల్లి నాతో అన్నది. ఆమెకు చెప్పిన లెక్కే మీకూ చెబుతాను. సాల్బుటమాల్ బిళ్ళ 4 మిల్లీగ్రాములు, అంటే 4,000 మైక్రోగ్రాములు. ఇన్‌హేలర్‌ను ఒకసారి నొక్కితే వచ్చేది 100 మైక్రోగ్రాములు. రెండుసార్లు పీల్చినా 200. బిళ్ళలో దానికి 20 రెట్లు! బిళ్ళ ఒళ్ళంతా తిరిగి, గుండె దడ, చేతి వణుకు ఎక్కువగా తెచ్చి, ఆలస్యంగా ఊపిరితిత్తులకు చేరుతుంది. ఏది తక్కువ మందో, ఏది ఎక్కువ మందో ఆమె వెంటనే గ్రహించింది. రోజూ కళ్ళద్దాలు పెట్టుకునేవాణ్ణి “అద్దాలకు అలవాటు పడ్డాడు” అని ఎవరైనా తప్పు పడతారా?

ఇన్‌హేలర్ మందులు రెండు జాతులు. సాల్బుటమాల్ కండరపు బిగువును సడలిస్తుంది, అయిదు నిమిషాలలో హాయి. కాని వాపును ముట్టుకోదు. బుడెసొనైడ్, బెక్లోమెథసోన్ వంటివి వాపును తగ్గిస్తాయి. వాటి గుణం తెలియడానికి రోజులు, వారాలు పడుతుంది. పీల్చగానే ఏమీ తెలియదు కనుక “ఇది పనిచేయడం లేదు” అని పక్కన పడేస్తారు! గడ్డివాముకు నిప్పంటుకుంటే పై మంట మీద నాలుగు బిందెలు పోసి ఇంటికి పోతామా? లోపల నిప్పు కమిలి, రాత్రి గాలికి మళ్ళీ లేస్తుంది. సాల్బుటమాల్ ఒక్కదానితోనే నెట్టుకురావడం అలాంటిదే. అందుకే 12 ఏళ్ళు దాటినవారికి అది ఒక్కటే ఇవ్వడం సరికాదని, ఉబ్బసంపై సలహాలిచ్చే అంతర్జాతీయ వైద్య బృందం ‘జీనా’ 2019లో తేల్చింది. వాపు మందును దానికి జోడించాల్సిందే. అది స్టీరాయిడ్ కదా అని మీ నాన్న అడగవచ్చు. అవును. దీర్ఘకాలం వాడిన పిల్లల ఎత్తు సుమారు ఒక సెంటీమీటరు తగ్గవచ్చని పరిశోధనలలో తేలింది. దానిని దాచవలసిన పనిలేదు. అందుకే డాక్టర్లు పనిచేసేంతలో అతి తక్కువ మోతాదు ఎంచుతారు. రెండవ పళ్ళెంలో ఏమున్నదో కూడా చూడండి. 2019 సంవత్సరపు ప్రపంచ అంచనాల ప్రకారం ఉబ్బసం రోగులలో మన దేశం వాటా దాదాపు 13 శాతం. ఉబ్బసం మరణాలలో మన వాటా 40 శాతం పైన! వాపు మందు అందకపోవడం, అందినా మానివేయడం దీనికి పెద్ద కారణాలని నిపుణులు చెబుతున్నారు.

మానివేయడానికి మన ఊళ్ళలో ఇంకో కారణం ఉన్నది, సిగ్గు. ఆడపిల్ల సంచిలో ఇన్‌హేలర్ కనబడితే రేపు పెండ్లి సంబంధాలు రావని పెద్దలు దాచిపెట్టిస్తారు. దాచిన మందు అవసరానికి చేతికి రాదు. మీ తరగతిలో ఎవరైనా ఇన్‌హేలర్ తీస్తే కళ్ళద్దాలు తీసినట్లే చూడండి.

పీల్చే తీరు కూడా నేర్చుకోవాలి. డబ్బాను బాగా ఊపి, ఊపిరి పూర్తిగా వదిలి, మూతిని పెదవులతో బిగించి, నెమ్మదిగా పీల్చడం మొదలుపెడుతూనే ఒక్కసారి నొక్కాలి. పదిదాకా లెక్కపెట్టి వదలాలి. వాపు మందైతే చివరన నోరు పుక్కిలించాలి. నొక్కడం, పీల్చడం కుదరక మందంతా గొంతుకే తగిలి పోయేవారు చాలామంది. వారికి స్పేసర్ అనే బుడ్డి ఇస్తారు. అది కొనలేనివారికి 500 మిల్లీలీటర్ల ఉత్త ప్లాస్టిక్ సీసా చాలునని 1999లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ పిల్లల ఆసుపత్రి వైద్యులు పరీక్షించి చూపారు. సీసా అడుగున ఇన్‌హేలర్ మూతి సరిగ్గా పట్టేంత రంధ్రం పెద్దలచేత చేయించి, అంచులు నునుపు చేసి, అక్కడ ఇన్‌హేలర్ బిగించి, సీసా మూతి నోట్లో పెట్టుకొని, ఒకసారి నొక్కి, అయిదారు ఊపిరులు నెమ్మదిగా తీయాలి. అయితే కొత్త సీసా గోడలు మందును లాగేసుకుంటాయి. దువ్వెన కాగితం ముక్కలను లాగే స్థిర విద్యుత్తే ఇది! సబ్బు నీళ్ళలో ముంచి, తుడవకుండా ఆరనిస్తే ఆ విద్యుత్తు తగ్గుతుంది. తుడిస్తే ఏమవుతుందో మీ భౌతికశాస్త్ర పాఠం చెబుతుంది.

బడిలో ఎవరికైనా దమ్ము లేస్తే పడుకోబెట్టకండి. నిటారుగా కూర్చోబెట్టండి. గుంపు చేరకండి. టీ తాగిస్తూ కాలయాపన చేయకండి. వారి ఉపశమన మందు స్పేసర్‌తో ఒక్కొక్కటిగా నాలుగుసార్లు ఇచ్చి, సారుకు చెప్పండి. ఒక వాక్యం పూర్తిచేయలేకపోతున్నా, పెదవులు నీలంగా మారినా, మత్తుగా ఉన్నా, మందు ఇచ్చి కొద్ది నిమిషాలైనా తేరుకోకపోయినా వెంటనే 108కి ఫోను చేయాలి. వాహనం వచ్చేలోగా ప్రతి 20 నిమిషాలకు మళ్ళీ నాలుగు పీల్పులు ఇవ్వవచ్చు. పిల్లికూత ఆగిపోయినా మనిషి తేరుకోకుంటే అది మరీ ప్రమాదం. కూత వేయడానికి కూడా గాలి కదలడం లేదన్నమాట!

జబ్బు అదుపులో ఉంటే ఆటలు మానవలసిన పనిలేదు. అమెరికా క్రీడాకారిణి జాకీ జాయ్‌నర్-కెర్సీకి ఉబ్బసం ఉన్నది. ఏడు పోటీలు కలిసిన హెప్టాథ్లాన్‌లో 1988, 1992 ఒలింపిక్సులలో ఆమెదే బంగారు పతకం.

అదుపులో ఉన్నదో లేదో తెలిసేదెట్లా? 1959లో రైట్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు పీక్ ఫ్లో మీటరును తయారుచేశాడు. ఇప్పటివి చేతిలో ఇమిడేంత ఉంటాయి. ఒక్కసారి గట్టిగా ఊదితే నిమిషానికి ఎన్ని లీటర్ల వేగంతో గాలి వచ్చిందో ముల్లు చూపిస్తుంది. ఒకరి అంకెతో మరొకరిది పోల్చకూడదు, తన ఉత్తమ అంకెతోనే పోల్చుకోవాలి. ఒకరి ఉత్తమం 300 అనుకుందాం. 240 దాకా, అంటే 80 శాతం వరకు, నిశ్చింత. దాని కింద జాగ్రత్త. 150కి దిగితే వెంటనే ఆసుపత్రికి. మీటరు లేనివారు నోటుపుస్తకంలో నాలుగు వారాలపాటు ఈ నాలుగూ రాసుకోవచ్చు: పగలు దమ్ము వారానికి రెండు రోజులకు మించి వచ్చిందా? రాత్రి దగ్గుతో ఒక్కసారైనా మెలకువ వచ్చిందా? ఉపశమన మందు వారానికి రెండుసార్లకు మించి కావలసివచ్చిందా? ఆటో పనో దమ్ము వల్ల మానవలసివచ్చిందా? ఒక్కదానికి ‘అవును’ వచ్చినా ఆ పుస్తకం పట్టుకొని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. రెండు వారాలు దాటిన దగ్గు అయితే క్షయ కావచ్చు గనుక తెమడ పరీక్ష కూడా చేయించండి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో దానికి డబ్బు పుచ్చుకోరు.